బాండు పేపరు మీద సంతకం పెడితే విడాకులు అయిపోయినట్టేనా? (సినిమా చూసి ఇంట్లో వచ్చిన గొడవ)

కొబ్బరితోట (అంబాజీపేట)
అందరికీ నమస్కారమండి. మొన్న టీవీలో ఒక సినిమా వచ్చింది. పేరెందుకు లెండి, అలాంటివి బోలెడున్నాయి. హీరోయిన్ ఒక కవరు తెచ్చి టేబుల్ మీద పడేస్తుంది. హీరో చదవకుండానే సంతకం గీకేస్తాడు. తర్వాతి సీన్లో ఎవరి దారి వాళ్లది. అది చూసి మా పిన్ని "మనం చేసింది కూడా ఇదేగా, ఇంకా కోర్టు కోర్టు అంటావేంట్రా" అని నా మీద పడింది.

విషయం మా చిన్నాన్న కూతురిది. కాపురం ఏడాది కూడా సవ్యంగా సాగలేదు. పెద్దమనుషులు కూర్చుని 100 రూపాయల బాండు పేపరు మీద "ఇకమీదట మాకు ఏ సంబంధమూ లేదు, ఎవరి ఇష్టం వచ్చినట్టు వారు పెళ్లి చేసుకోవచ్చు" అని రాయించి, ఇద్దరి చేతా సంతకాలు పెట్టించి, నోటరీ ముద్ర వేయించారు. బంగారం, సారె సామాను తిరిగి వచ్చేశాయి. ఇదంతా జరిగి రెండేళ్లు దాటింది. అబ్బాయి మస్కట్ వెళ్లిపోయాడు. ఇప్పుడు తణుకు వైపు నుంచి మంచి సంబంధం వచ్చింది. విడాకుల కాగితం చూపించమంటే మావాళ్లు ఈ బాండు పేపరే చూపించారు. వాళ్ల తాలూకు ప్లీడరు గుమాస్తా ఎవరో ఇది చెల్లదన్నాడట. తెలిసినవాళ్లు చెప్పండి. మాఘమాసంలో ముహూర్తం అనుకుంటున్నారు.

నల్లకోటు (భీమవరం)
చెల్లదండి. ఆ గుమాస్తా సరిగ్గానే చెప్పాడు. 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం పెళ్లి రద్దు కావాలంటే కోర్టు డిక్రీ, అంటే కోర్టు ఇచ్చే తీర్పు పత్రం ఉండాలి. నోటరీ ముద్ర పడింది "ఈ సంతకాలు వీళ్లవే" అనడానికి. పెళ్లి రద్దు చేసే అధికారం నోటరీకి లేదు, పెద్దమనుషులకు లేదు, మీ చిన్నాన్నగారికీ లేదు. చట్టం లెక్కలో మీ చెల్లెలు ఇవాళ్టికీ ఆ మస్కట్ అబ్బాయి భార్యే. ఇప్పుడు తణుకు సంబంధం చేస్తే ఆ పెళ్లి చెల్లదు. పైగా మొదటి భర్తకి ఎప్పుడైనా బుద్ధి పుడితే కేసు పెట్టొచ్చు. పాత ఐపీసీలో 494, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 82వ సెక్షన్. 7 ఏళ్ల దాకా జైలు.

ఇక సినిమా కవరు గురించి. అందులో ఏం కాగితం ఉంటుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. లాయరు నోటీసు అయితే దానిమీద ఎవరూ సంతకం పెట్టరు, జవాబిస్తారు. కోర్టు సమన్లు అయితే పెట్టే సంతకం "అందింది" అనడానికే. ఉమ్మడి పిటిషన్ అయితే ఆ సంతకంతో కేసు మొదలవుతుంది. మన హీరోకి మాత్రం అక్కడితో శుభం కార్డు పడిపోతుంది.

లంకపెద్ద
లాయరుగారూ, మీ చట్టం సంగతి నాకు తెలీదు గానీ మా లంక గ్రామాల్లో తాతల నాటి నుంచి పెద్దల సమక్షంలో తెగతెంపులు చేసుకున్నవాళ్లు ఎంతోమంది ఉన్నారు. మళ్లీ పెళ్లిళ్లయ్యాయి, పిల్లలు పుట్టారు, మనవలు కూడా వచ్చారు. ఎవరు అడ్డం వచ్చారు? కోర్టుకెక్కితే ఉన్న తోట అమ్ముకోవాలి.

నల్లకోటు (భీమవరం)
లంకపెద్ద గారూ, మీ మాటలో కొంత నిజం ఉంది. ఆ చట్టంలోనే 29(2) సెక్షన్ ఉంది. ఏదైనా కులంలో పెద్దల ద్వారా విడిపోయే ఆచారం పూర్వం నుంచి ఉంటే ఆ హక్కు పోదు. కానీ ఆచారం ఉందని నోటితో అంటే చాలదు. ఎప్పటి నుంచి ఉంది, ఎంత నిలకడగా పాటిస్తున్నారు, సాక్షులెవరు, ఇవన్నీ రుజువు చేయాల్సిన భారం ఆచారం ఉందన్నవాళ్ల మీదే పడుతుంది. కోర్టు తప్పించుకోవడానికి రాసుకున్న కాగితాన్ని నిలబెట్టడానికి చివరికి కోర్టుకే రావాలన్నమాట.

బెంచిగుమాస్తా (రిటైర్డ్)
"ఎవరు అడ్డం వచ్చారు" అన్నారు కదండీ. మనిషి బతికున్నంతకాలం ఎవరూ రారు. పోయాక వస్తారు. నేను సర్వీసులో ఉండగా ఒక ప్రభుత్వోద్యోగి చనిపోతే ఫ్యామిలీ పెన్షన్ కోసం ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. రెండో ఆవిడ మొదటి పెళ్లి తాలూకు బాండు పేపరు ప్లాస్టిక్ కవర్లో పెట్టి భద్రంగా తెచ్చుకుంది. మడతల దగ్గర చిరిగిపోతే టేపు కూడా అంటించి ఉంది. పాపం, దాన్నే నమ్ముకుని అన్నేళ్లు కాపురం చేసింది. ఆచారం రుజువు చేద్దామంటే సంతకాలు పెట్టిన పెద్దలు దాదాపు అందరూ పోయారు. మిగిలిన ఒక్కాయనకి చూపు లేదు, ఆ వేలిముద్ర నాదేనో కాదో చెప్పలేనన్నాడు. పెన్షన్ మొదటి ఆవిడకి వెళ్లింది. భర్తతో అన్నం తిన్నది ఏడాదో ఏడాదిన్నరో. చట్టం అంతేనండి మరి.

రీలుబాబు
మాది పాలకొల్లు, ఉండేది హైదరాబాద్. సినిమాల్లో రైటింగ్ డిపార్ట్‌మెంట్‌లో పని. దాసరి, అల్లు రామలింగయ్య పుట్టిన ఊరివాణ్ణి కాబట్టి సినిమాని తిడుతుంటే ఊరుకోలేను. మాకుండేది రెండున్నర గంటలు, అందులో విడాకులకు దక్కేది నాలుగు నిమిషాలు. మీ వాయిదాలన్నీ చూపిస్తే జనం ఇంటర్వెల్‌కే లేచిపోతారు. ఆపరేషన్ సీన్లు చూసి డాక్టర్లు, ఛేజింగులు చూసి పోలీసులు మమ్మల్ని ఇలాగే తిడతారు. సినిమా చూసి ఎవరైనా ఆపరేషన్ చేసుకుంటున్నారా?

నల్లకోటు (భీమవరం)
ఆపరేషన్ చేసుకోరు గానీ విడాకులు చేసుకుంటున్నారు. ఈ చర్చ మొదలైందే అందుకు.

ఇంకో రకం చూస్తున్నాను. కోర్టు నుంచి సమన్లు వస్తే తీసుకోకుండా తిప్పి పంపించేస్తారు. "నేను సంతకం పెట్టకపోతే విడాకులు ఎలా వస్తాయి" అని ధీమా. అదీ సినిమా చదువే. తీసుకోనని తిప్పి పంపినా అందినట్టే లెక్క కడతారు. రెండు మూడు వాయిదాలు చూసి ఎక్స్‌పార్టీ చేస్తారు, అంటే మీరు లేకుండానే కేసు నడిపేస్తారు. అవతలివాళ్ల సాక్ష్యం ఒక్కటే రికార్డయి డిక్రీ వచ్చేస్తుంది. ఆ తర్వాత లబోదిబోమంటూ మా ఆఫీసుకి వస్తారు.

వశిష్ఠతీరం (నరసాపురం)
రీలుబాబు తమ్ముడూ, వాయిదా చూపిస్తే జనం లేచిపోతారన్నావు. నాకు మిగిలింది అదే కాబట్టి చెబుతాను.

నాది గొడవపడి నడిచిన కేసు. కోర్టు వరండాలో ఒకటే చెక్కబల్ల. ఆ చివర మా నాన్నా నేనూ, ఈ చివర మా ఆయన వాళ్ల అమ్మగారు. ఎదురుగా ఒకటే టీ కొట్టు, రెండు కుటుంబాలూ అక్కడే తాగాలి. పొద్దున్న పదిన్నరకి పిలుపులు మొదలవుతాయి. అటెండరు గుమ్మంలోకి వచ్చి మన పేర్లు గట్టిగా అరుస్తాడు. లోపలికి వెళ్తే అరనిమిషం. "కౌంటరు (పిటిషన్‌కి జవాబు) వేయలేదండి, టైం కావాలి" అంటారు అవతలి లాయరుగారు. ఫలానా తేదీకి వాయిదా. మళ్లీ బస్సు. స్కూల్లో సెలవు చీటీలో కారణం ఏం రాయాలో తెలిసేది కాదు.

సాక్ష్యం చెప్పే రోజు సినిమాలోలాగా నిండు కోర్టులో అరుపులుంటాయని రాత్రంతా టెన్షన్ పడ్డాను. మధ్యాహ్నం జడ్జిగారి చాంబర్లో జరిగింది. జడ్జిగారు, టైపిస్టు, ఇద్దరు లాయర్లు, మేమిద్దరం. నా కథంతా అప్పటికే అఫిడవిట్‌గా టైపయి ఉంది, అది ముందు పెట్టి "ఈ సంతకం మీదేనా" అని అడిగారు, అంతే. తర్వాత కాగితాలకి నంబర్లు వేశారు. పెళ్లి శుభలేఖ ఏ1, పెళ్లి ఫోటో ఏ2. శుభలేఖ నాలుగు మూలలా మా నాన్న రాసిన పసుపు అలాగే ఉంది. గుమాస్తాగారు వినాయకుడి బొమ్మ పక్కనే చోటు చూసుకుని కోర్టు ముద్ర గుద్దారు. విడాకుల కేసులో మొదటి సాక్ష్యం పెళ్లి జరిగిందని చూపించడమే. ఇది ఏ సినిమాలోనూ రాలేదే?

అవతలి లాయరుగారు ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. మెల్లగా, ఒకదాని తర్వాత ఒకటి. అన్నిటికీ నేను "నిజం కాదు" అనడం, టైపిస్టు "అనుట నిజం కాదు" అని కొట్టడం. అరిచి ఉంటే బాగుండేదేమో, నేనూ అరిచేదాన్ని.

రీలుబాబు
అక్కా, శుభలేఖ మీద ముద్ర... ఆ సీను మాత్రం నేను రాసుకుంటాను, మీరు సరేనంటే.

వశిష్ఠతీరం (నరసాపురం)
రాసుకో. హీరోయిన్ చేత మాత్రం ఏడిపించకు. నాకు ఆ రోజు ఆకలి తప్ప ఇంకేం లేదు.

బెంచిగుమాస్తా (రిటైర్డ్)
అమ్మాయిగారు చెప్పింది అక్షరాలా నిజం. హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఈ కేసుల విచారణ గోప్యంగా జరగాలి, వివరాలు అచ్చు వేయడం కూడా నేరమే. సినిమాలో వెనక బెంచీల్లో కూర్చుని చప్పట్లు కొట్టే ఊరి జనాన్ని మా అటెండరు వరండా దాటి రానివ్వడు.

పనిలో పనిగా ఇంకో రెండు. చెక్క సుత్తి మన జడ్జిల బల్ల మీద ఉండదు. నా సర్వీసంతా వెతికినా దొరకలేదు. భగవద్గీత మీద చెయ్యి వేయించడమూ లేదు. 1969 ప్రమాణాల చట్టం ప్రకారం దేవుడి మీద ప్రమాణం చేసి గానీ, ఆత్మసాక్షిగా గానీ నిజం చెబుతానంటే సరిపోతుంది. పిల్లాణ్ణి బోనెక్కించి "అమ్మ కావాలా నాన్న కావాలా" అని లాయరు అరిచే సీను ఒకటుంది చూశారూ, అది చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. జడ్జిగారు పిల్లలతో చాంబర్లో విడిగా మాట్లాడతారు. ఒకసారి మా అయ్యగారు చాక్లెట్ ఇచ్చి బడి సంగతులు అడుగుతూ కూర్చుంటే మధ్యాహ్నం పిలుపులన్నీ ఆలస్యమయ్యాయి.

మస్కట్ మావయ్య
నాదో డౌటు. జడ్జిగారు "ఆరు నెలలు ఒకే ఇంట్లో కలిసి ఉండి రండి, అప్పటికీ కుదరకపోతే విడాకులిస్తాను" అంటారు కదా. మా బ్యాచిలర్ రూములో అందరూ అదే నిజమనుకుంటున్నారు.

నల్లకోటు (భీమవరం)
మావయ్యగారూ, ఆ ఒక్క పాయింటు మీద ఎన్ని సినిమాలు ఆడాయో! ఆరు నెలలు ఒకే ఇల్లు, మధ్యలో వాన, హీరోయిన్‌కి జ్వరం, హీరో రాత్రంతా తడిగుడ్డ వేయడం, ఆఖరి రోజు కోర్టుకి పరిగెత్తడం. చట్టం దానికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. పరస్పర అంగీకారంతో విడాకులు అనేది 1976 సవరణలో 13బి సెక్షన్‌గా వచ్చింది. పిటిషన్ వేయాలంటే అప్పటికే ఏడాది పైబడి విడిగా ఉండాలి. వేశాక ఆరు నెలలు ఆగి మళ్లీ ఇద్దరూ వచ్చి "మా మాట ఇదే" అని చెప్పాలి. పద్దెనిమిది నెలల లోపు రావాలి. ఆ ఆరు నెలలు మనసు మార్చుకోవడానికి ఇచ్చిన గడువు. కలిసి కాపురం చేసి తీరాలన్న షరతు అందులో లేదు. రాజీ కుదురుతుందేమో చూడటం జడ్జిగారి బాధ్యతే, మీడియేషన్‌కి పంపుతారు. ఇంటికి పంపరు.

ఇందులో నిజంగా కథ ఉన్న చోటు ఒకటుంది, దాన్ని సినిమావాళ్లు వదిలేశారు. డిక్రీ వచ్చేదాకా ఇద్దరిలో ఎవరైనా అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు. సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. డబ్బు చేతులు మారాక రెండో వాయిదాకి ఒక మనిషి రాకపోతే చూడాలి, వరండాలో రెండు వైపులా మొహాలు.

డల్లాస్ గోదారోడు
మా అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో పెళ్లయ్యాక సంపాదించింది సగం సగం. మన సినిమాల్లో కూడా హీరోయిన్ "నీ ఆస్తిలో సగం నాది" అని చిటికె వేస్తుంది. ఇండియాలోనూ అలాగే ఉందా? ఇక్కడ డిక్రీ తెచ్చుకుంటే అక్కడ చెల్లుతుందా?

నల్లకోటు (భీమవరం)
సగం అనే లెక్క మన చట్టంలో లేదు. మనోవర్తి ఎంత అనేది ఇద్దరి ఆదాయాలు, ఖర్చులు, పిల్లలు చూసి నిర్ణయిస్తారు. 2020లో సుప్రీంకోర్టు ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాల్సిందేనంది. ఆదాయం దాచిపెట్టి "నేను కూలీ పని చేసుకుంటున్నాను" అనే చేపల చెరువుల ఆసాములకి అప్పటి నుంచి కాస్త ఇబ్బందిగానే ఉంది.

మన వైపు అసలు తగువు పసుపు కుంకుమల కింద ఇచ్చిన పొలం దగ్గర వస్తుంది. అమ్మాయి పేరున రిజిస్టరైతే అది అమ్మాయిదే, కేసుతో పని లేదు. అల్లుడి మీద ప్రేమకొద్దీ అతని పేరున రాసినవాళ్లకే తంటా.

అమెరికా డిక్రీ సంగతికి వస్తే మన తెలుగువాళ్ల కేసే ఉంది. తిరుపతిలో పెళ్లి చేసుకుని, భర్త మిస్సోరీ కోర్టులో విడాకులు తెచ్చుకున్నాడు. 1991లో సుప్రీంకోర్టు ఆ డిక్రీని ఒప్పుకోలేదు. మన పెళ్లి మన చట్టం కింద జరిగితే, ఆ చట్టంలో ఉన్న కారణం మీదే అక్కడ విడాకులిచ్చి ఉండాలి. లేదంటే రెండోవారు ఆ కోర్టుకి మనస్ఫూర్తిగా లోబడో, ఒప్పుకునో ఉండాలి. ఏకపక్షంగా తెచ్చుకున్న కాగితం ఇక్కడ పని చేయదు.

యానాం వారధి
చిన్న మాట. మా యానాం కూడా గోదావరి ఒడ్డే గానీ పుదుచ్చేరి కిందకి వస్తుంది. ఎదుర్లంక వంతెనకి ఇవతల కేసు పడితే హైకోర్టు మద్రాసు, అవతల పడితే అమరావతి. మా బంధువుల కేసులో ఎక్కడ వేయాలన్న దాని మీదే ముందు కొట్టుకున్నారు.

లంకపెద్ద
సరే, ఆడపిల్ల పుట్టింట్లో కూర్చుంటే మొగుడు కోర్టులో కేసేసి పోలీసుల్ని పెట్టి తీసుకెళ్లిపోవడం సినిమాల్లో చూశాం. అదైనా నిజమేనా?

బెంచిగుమాస్తా (రిటైర్డ్)
నిజం కాదండి. హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ కింద కాపురానికి రావాలని పిటిషన్ వేయొచ్చు, డిక్రీ కూడా ఇస్తారు. కానీ మనిషిని పట్టుకొచ్చి అప్పగించే అధికారం ఎవరికీ లేదు. మాట వినకపోతే ఆస్తి జప్తు దాకా వెళ్లొచ్చు. ఇంకో చిత్రం, ఆ డిక్రీ వచ్చాక ఏడాదిపాటు కలవకపోతే అదే విడాకులకు కారణం అవుతుంది. అందుకే కొంతమంది విడాకులు కావాలనే "కాపురానికి రావాలి" అని వేస్తారు.

దీనికీ సినిమాకీ ఒక లంకె ఉంది. 1983లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి గారు ఈ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. ఆడమనిషి ఇష్టం లేకుండా ఆమెని కాపురానికి పంపడానికి ప్రభుత్వం ఎవరన్నారు. ఆ కేసులో భార్య అప్పటికే పేరున్న సినిమా నటి. మరుసటి ఏడాది ఇంకో కేసులో సుప్రీంకోర్టు సెక్షన్‌ని మళ్లీ నిలబెట్టింది. మా ఆఫీసులో ఆ తీర్పు కాపీ చేతులు మారీ మారీ నలిగిపోయింది.

రీలుబాబు
ఇది నిజంగా సినిమా తీయాల్సిన కథ. ఎవరూ తీయలేదేంటి?

వశిష్ఠతీరం (నరసాపురం)
తీస్తే ఆఖర్లో ఆవిణ్ణి మొగుడితో కలిపేస్తారు కాబట్టి తీయకపోవడమే మంచిది.

కొబ్బరితోట (అంబాజీపేట)
అందరికీ దండాలండి. ఇదంతా పిన్నికి చదివి వినిపించాను. పెన్షన్ కథ దగ్గర కాస్త మెత్తబడింది. తణుకు వాళ్లతో కూడా ఉన్నదున్నట్టు చెప్పేశాం, ఆగుతామన్నారు. అబ్బాయితో ఫోన్లో మాట్లాడాను. అతనికీ ఇంట్లో సంబంధాలు చూస్తున్నారట, సంతకాలకి సిద్ధమే అన్నాడు. ఇప్పుడు మేం ఏం చేయాలి? మళ్లీ ఆరు నెలలు ఆగాల్సిందేనా?

నల్లకోటు (భీమవరం)
మీకు కలిసొచ్చేది ఒకటుంది. రెండేళ్లు పైగా విడిగా ఉన్నారు. 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, ఆరు నెలల గడువు తప్పనిసరి కాదని చెప్పింది. పిటిషన్ వేసేనాటికే ఏడాదిన్నర విడిగా ఉండి, రాజీ ప్రయత్నాలు ఫలించక, ఇచ్చిపుచ్చుకోవడాలన్నీ తేలిపోతే ఆ గడువు మాఫీ చేయమని అడగొచ్చు. ఇవ్వడం ఇవ్వకపోవడం జడ్జిగారి ఇష్టం. అన్నట్టు మీ బాండు పేపరు పారేయకండి. పెళ్లి రద్దుకి పనికిరాకపోయినా, ఎప్పటి నుంచి విడిగా ఉంటున్నారో, బంగారం ఎప్పుడు తిరిగి వచ్చిందో చూపించడానికి పనికొస్తుంది.

పెళ్లి జరిగిన చోటు, ఆఖరున కలిసి ఉన్న చోటు, ఇప్పుడు అమ్మాయి ఉంటున్న చోటు, వీటిలో ఏ కోర్టు పరిధిలోనైనా వేయొచ్చు. లాయరు ఫీజు ఇబ్బందైతే మండల న్యాయ సేవల కమిటీకి వెళ్లమనండి. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు. ఫోను నంబరు 15100. మాఘ ముహూర్తం మాత్రం మర్చిపోండి. డిక్రీ కాపీ చేతికొచ్చాకే పంతులుగారి దగ్గరికి వెళ్లండి.

మస్కట్ మావయ్య
అబ్బాయి నాకు దగ్గర్లోనే ఉంటాడనుకుంటా. ఇక్కడి నుంచి రాకుండా పని జరగదా?

నల్లకోటు (భీమవరం)
జరగొచ్చు. అదే తీర్పులో వీడియో కాన్ఫరెన్స్ వాడుకోవచ్చని, సరైన కారణం ఉంటే తల్లిదండ్రులో తోబుట్టువులో తరఫున రావొచ్చని ఉంది. అక్కడి ఇండియన్ ఎంబసీలో పవర్ ఆఫ్ అటార్నీ ధ్రువీకరించి పంపాలి, ఇక్కడికి చేరాక మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. కానీ మనిషి ఎదురుగా ఉంటే గడువు మాఫీ అడగడం తేలిక. నేనైతే రమ్మంటాను.

కొబ్బరితోట (అంబాజీపేట)
సంక్రాంతికి వస్తున్నాడండి. టికెట్ కూడా తీసేశాడట. ఆ వారంలోనే వాయిదా వేయించుకుంటే సరిపోతుంది కదా?

బెంచిగుమాస్తా (రిటైర్డ్)
బాబూ, సంక్రాంతికి కోర్టులకీ సెలవులేనండి. ఆయన కోడిపందేలు చూసుకుని తిరిగి విమానమెక్కాక మా అటెండరు తాళం తీస్తాడు. టికెట్ వారం ముందుకి మార్పించి, ఇవాళే లాయరు చేత పిటిషన్ తయారు చేయించండి. ఆధార్ కార్డులు, పెళ్లి ఫోటో, శుభలేఖ వెతికి పెట్టుకోండి. శుభలేఖ ఒరిజినలే తేవాలి, జిరాక్స్ కాదు.